పైమట్టి మేస్త్రి

విసుర్రాయికి గంట్లు పెట్టే ఆమె మొన్న మా వాకిట్లకు వచ్చింది. ఉలి, సుత్తె తీసి కూసున్నది గని చెయ్యి కంటె నోరు ఎక్కువ ఆడుతాంది. "మీది ఏ ఊరమ్మా?" అని అడిగిన. చెప్పింది. "గా ఊరి వడ్డెర మేస్త్రి ఒకాయన మాకు ఎరుక. పొడుగు మనిషి, చెవి మీద ఎప్పుడు చుట్ట..." అని ఇంక అంటనే ఉన్న, ఆమె ఉలి ఆపింది. "మా మామనే గద. పోయిన ఎండకాలం పోయిండమ్మా" అన్నది.

నేను ఆడనే ఆమె పక్కన కూసున్న. గంట్లు ఎట్ల పడ్డయో సుత చూసుకోలె. ఆమెకు అన్నం పెట్టి పంపించిన. రెండు రోజులు పిండిల ఇసుక తగిలింది. మా కోడలు సణుగుడు మొదలుపెట్టింది. "తిను, ఏంగాదు. మనం తినేటి జొన్నలు రాళ్ల గుంతల పండినయే" అన్న. ఆమె నా దిక్కు ఎర్రిదాన్ని చూసినట్టు చూసింది. గందుకే గీ నాలుగు ముక్కలు రాస్తున్న. అక్షరాలు నాకు సంఘపోళ్లు నేర్పిన్రు. ఒత్తులు తప్పుపోతె వాళ్లనే తిట్టుండ్రి.

మా ఊరు మేళ్లచెరువు దిక్కు. ఆడ మూరెడో, మూరెడున్నరో మట్టి ఉంటది, దాని కింద అంత సున్నపురాయి. మాకు మట్టి కావాలె, దొరకు రాయి కావాలె. మాకున్నది మూడెకరాల చెలక. తానుండే గడి చుట్టు కొత్త గోడ పెట్టాలని దొరకు బుద్ధి పుట్టింది. ఊరి చుట్టు గంత జాగ ఉంటె, మా చెలక కిందనే రాయి మంచిగున్నదని ఎవడో చెప్పిండట. వాని నోరు పడిపోను. మా ఇంటాయన గడి ముంగట చేతులు కట్టుకొని నిలబడి వచ్చిండు. ఇంటికొచ్చి కుండెడు నీళ్లు తాగిండు గని అన్నం ముట్టలె. ఆ నెలల్నే మేస్త్రి తన మందితోని మా చెలకల దిగిండు.

నా నోరు మంచిది కాదని ఊరంతకు తెలుసు. నెత్తిమీది కడవ దించకుండనే గట్టు మీద నిలబడి అందుకున్న. "మా నోట్ల మన్ను కొడ్తున్నవు, నీ చెయ్యి ఇరగ!" అన్న.

ఆయన గడ్డపార ఆపిండు. నెత్తి రుమాలు తీసి మొఖం తుడుసుకున్నడు. "నా చెయ్యి ఇరిగితె ఇంకొకడు వస్తడు బిడ్డా. వాడు మట్టిని పక్కకు పెట్టడు. నా చెయ్యి సల్లగుండాలె అని మొక్కుకో" అన్నడు.

తిట్టినోళ్లకు గిట్ల జవాబు చెప్పేటోన్ని నేను గప్పటిదాక చూడలె. తిరిగి ఇంటికి వచ్చిన.

తెల్లారి పోయి చూస్తె నిజమే. పైన ఉన్న నల్లమట్టి మూరెడు మందం ఒలిచి తూర్పు దిక్కు ఒక కుప్ప పోపిస్తున్నడు. దాని కిందికెల్లి వచ్చిన మొరం, తెల్లటి గులకమట్టి, పడమటి దిక్కు. పనికిరాని రాళ్ల ముక్కలు ఇంకో దిక్కు. ఒక తట్ట తప్పు కుప్పల పడ్డదో, మోసినోన్ని అరిచి, ఆ తట్ట మళ్ల ఎత్తిపిస్తడు. ఆయన మంది కూలోళ్లు "ముసలోనికి పిచ్చి" అని నవ్వేటోళ్లు గని మాట మాత్రం వినేటోళ్లు.

దొర గుమాస్తా ఒకడు ఉండె. సన్నగ, పొడుగు కోటు ఏసుకొని, ఎవరన్న ఖుషీగ ఉంటె ఓర్వలేనోడు. వాడొచ్చి "గీ మూడు కుప్పలు ఏందిరా? దొర రాయి తియ్యమన్నడా, మట్టి పేర్చమన్నడా?" అని గర్జించిండు.

మేస్త్రి చేతులు కట్టుకున్నడు. "వాన పడ్డదంటె నీళ్లన్ని గనిలకు దుంకుతయి అయ్యా. రాయి తీసుడు బంద్ అయితది. గందుకే కట్ట పోస్తున్న" అన్నడు.

గుమాస్తా తల ఊపి పోయిండు. వాడు పోయినంక ఆయన నా దిక్కు తిరిగి, "అబద్ధం కాదు బిడ్డా. సగం నిజం" అన్నడు. ఆ సగం నిజమే మమ్ముల బతికిచ్చింది.

ఆ వానకాలం మొదట్ల, నల్లమట్టి కుప్ప మీద వెంపలి గింజ చల్లిచ్చిండు. వెంపలి మొలిచి వేరు పట్టుకుంటె మట్టి కొట్టుకపోదు. గుమాస్తా మళ్ల అడిగితె, "కట్ట గట్టిగుండనీకి" అన్నడు. గట్ల మూడేండ్లు దొరకు రాయి తీసిచ్చిండు, మా మట్టి దాచిపెట్టిండు.

మనిషి ఎట్లుంటుండె అంటె, ఎండకు నల్లబడి, ఎముకలకు తోలు అంటుకొని ఉంటుండె. కాళ్లకు బండ చెప్పులు. మొరం మీద, రాయి మీద, ముళ్లల్ల చెప్పులతోనే తిరుగుతడు. నల్లమట్టి కుప్ప ఎక్కాలంటె మాత్రం చెప్పులు కింద ఇడుస్తడు. "దేవుని గుడా ఏంది మామా?" అని ఎక్కిరించిన ఒకసారి. "గుడి కాదు. చెప్పులతోని తొక్కితె గట్టి పడ్తది. మట్టి గుల్లగ ఉంటెనే లోపలికి గాలి పోతది" అన్నడు. పెద్ద మాట చెప్తడనుకుంటె గింతే చెప్తుండె.

ఆయనకు కొలత అంటె గడ్డపారనే. బాయి పది గడ్డపారలు, తొవ్వ వెయ్యి గడ్డపారలు. మా చిన్నోడు పుట్టి ఏడాది నిండినప్పుడు వచ్చి, "సగం గడ్డపార ఎదిగిండు, మంచిదే" అన్నడు. మా అత్తకు కోపమొచ్చింది. "పిల్లగానికి దిష్టి తగుల్తది, గా ఇనుము ముచ్చట తియ్యకు" అని ఇంత ఉప్పు తిప్పి పొయ్యిల ఏసింది. ఆయన నవ్వుకుంట చుట్ట ముట్టిచ్చుకున్నడు.

ఇంకో ముచ్చట చెప్తె మీరు నమ్మరు. మట్టి గురించి గంత తెలిసినోనికి పంట గురించి ముక్క తెల్వది! జొన్నకు గడ్డికి తేడా తెల్వది. ఒకసారి మాకు సాయం చేస్తనని, రాయి తియ్యని మూలకు మేము ఏసుకున్న జొన్నల కలుపుకు వంగి, ఒక సాలు జొన్న మొలకలన్ని పీకి గట్టు మీద పెట్టిండు. నేను నెత్తి కొట్టుకుంటె, "పండిచ్చుడు మీ పని బిడ్డా. మట్టిని పండుకోపెట్టుడు నా పని. ఒకరి పనిల ఒకరు ఏలు పెట్టొద్దు" అని నన్నే దబాయించిండు.

ఇగ దొరల మీద కొట్లాడే సంఘం వచ్చింది. ఊరూరు లేసింది. దొర రాత్రికి రాత్రే హైద్రాబాద్ పోయిండు, గుమాస్తా ఆయన ఎనుక పోయిండు. సంఘపోళ్లు ఊర్ల మీటింగ్ పెట్టి ఎవల భూమి వాళ్లకు ఇచ్చిన్రు. "మీ చెలక మీదే" అన్నరు మాతోని. మా ఇంటాయన సంతోషంతోని ఉరికిండు. పోయి చూస్తె ఏమున్నది? నట్టనడుమ రెండు మనుషుల లోతు గుంత, చుట్టు కుప్పలు. గుంతల నీళ్లు, నీళ్లల్ల కప్పలు. వాపస్ వచ్చి అరుగు మీద కూలబడ్డడు. సంఘం పెద్దమనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పిండు: "చూడు తమ్మీ, రేపు ఏ సర్కారు వచ్చినా దున్ని పంట తీసినోన్నే అడుగుతది. గుంతను పట్టుకొని గిది నా చెలక అంటె ఎవ్వడు నమ్మడు. వానలు పడేలోపట పూడ్చి గింజ ఏయ్." 

మాకు గా మాట గుండెల్ల పడ్డది. గుంత పూడితె చెలక మాది, పూడకపోతె దొర వచ్చిననాడు మళ్ల దొరదే.

గప్పుడు మేస్త్రి ఊర్ల లేడు, కేతేపల్లి దిక్కు బాయి తవ్వ పోయిండు. మాకు ఆగే ఓపిక యాడిది? ఊరంత కదిలింది. ఆడోళ్లు, మొగోళ్లు, ముసలోళ్లు, డప్పులు, పాటలు! నీళ్లు తోడి పోసినం. దగ్గర ఏ కుప్ప ఉంటె ఆ కుప్ప తట్టలకెత్తి గుంతల పోసినం. దగ్గరున్నది తూర్పు కుప్ప, మెత్తగ ఉండె, పార పెడితె ఎన్నపూస తీరు దిగుతుండె. మొదలు అదే అయిపోయింది. దాని మీద రాళ్లు, దాని మీద మొరం. ఏడు రోజులల్ల గుంత నిండింది. తెల్లగ, చదునుగ మెరుస్తాంది. మేము గంతులేసినం. నేను సుత బతుకమ్మ ఆడినట్టు చప్పట్లు కొట్టుకుంట తిరిగిన. గింత బుద్ధిలేనిదాన్ని.

ఎనిమిదో నాడు మేస్త్రి వచ్చిండు. గట్టు మీద నిలబడి చూసిండు. అరుస్తడనుకున్న. అరువలె. ఒంగి పిడికెడు మొరం తీసుకొని ఏళ్ల సందుకెల్లి జార ఇడిసిండు. "నల్లమట్టి ఏది బిడ్డా?" అని మెల్లగ అడిగిండు.

"అన్నిటికంటె కింద ఉన్నది మామా" అన్న. గప్పుడు తెలిసింది నాకు ఏం చేసినమో. మొరం మీద జొన్న మొలుస్తదా?

ఆయన కూలబడ్డడు. చెవి మీది చుట్ట తీసిండు గని ముట్టియ్యలె. "పీనుగను బొందపెట్టేటప్పుడు సుత తల ఏ దిక్కు అని చూస్తరు గదనే. బతికున్న మట్టికి చూడరా?" అన్నడు. గదే ఆయన నన్ను తిట్టిన ఒకేఒక్క తిట్టు. నా నోటికెల్లి వచ్చిన వెయ్యి తిట్లు దానికి సాలవు.

ఊరోళ్లకు మళ్ల తోడుదాం అని చెప్పుడు ఎట్ల? "పూడ్చిందాన్ని తోడుతరా? ఎవలన్న వింటె నవ్వుతరు" అని కొందరు గొణిగిన్రు. ఇంటాయన తల దించుకొని నిలబడ్డడు. మేస్త్రి ఎవల్ని బతిమిలాడలె. గడ్డపార తీసుకొని ఒక్కడే దిగిండు. నేను తట్ట అందుకున్న. మా అత్త, నడుం వంగిన మనిషి, కొంగు బిగిచ్చి నా ఎనుక దిగింది. ముసల్ది దిగినంక మొగోళ్లకు సిగ్గు రాకుండ ఉంటదా? మధ్యాహ్నానికి సగం ఊరు గుంతల ఉన్నది. ఈసారి డప్పుల్లేవు, పాటల్లేవు, నెల రోజులు నడుములు ఇరిగినయి.

ఆయన చెప్పినట్టు నింపినం. అట్టడుగున పెద్ద రాళ్లు, వాటి సందులల్ల చిన్నయి, దాని మీద మొరం. నీళ్లు చల్లి కొన్ని దినాలు అణగనిచ్చిండు. ఆఖరుకు నల్లమట్టి. చెప్పులు ఇడిసి నేనే తట్టలు మోసిన. దొరికిన మట్టిల మొరం కలిసిపోయింది గని, నూటికి డెబ్బై పాళ్లు బయటికొచ్చింది. "మిగిలింది ఎట్ల మామా?" అంటె, "అది మంద పని" అన్నడు.

మా అన్న గొర్లకాపరి. కబురు పెడితె మందను తోలుకొచ్చి ఇరవై దినాలు మా చెలకల ఆపిండు. గొర్ల ఎరువు, దాని మీద కోసి తెచ్చిన వెంపలి దున్ని కలిపినం. వానలు పడ్డయి. జొన్న ఏసి, నడుమ కంది సాళ్లు పెట్టినం. మొదటేడు పంట గంతంత మాత్రమే, చెలక నడుమ కుంగి నీళ్లు నిలిచినయి. నేను బుగులు పడితె, "కొత్తగ పండుకున్న మట్టి. ఇటు అటు మెసులుతది. నిద్ర పట్టనియ్యి" అన్నడు.

ఆ నడుమల్నే మిల్ట్రీ వచ్చింది. నిజాం రాజ్యం పోయిందన్నరు. పోయింది సరే, మా ఊర్ల క్యాంపు పడ్డది. సంఘంల తిరిగినోళ్లని పట్టుకపోయిన్రు. మా ఇంటాయన పదకొండు రోజులు క్యాంపుల ఉండి, కుంటుకుంట వచ్చిండు. దొర నెత్తికి తెల్లటోపి పెట్టుకొని వచ్చిండు. గుమాస్తా అదే కోటు. కాలం మారింది గని వాళ్ల కోటు మారలె, మా చెలక మీది కన్ను మారలె.

రెండో ఏడు పంట లేసింది. ఏం లేసిందే! జొన్న నా నెత్తి దాటింది, కంది గుబురుగ ఉన్నది. పాలు పట్టే సమయానికి గిర్దావర్ వస్తుండని కబురు. ఏ జాగల ఎవలు దున్నుతున్నరో చూసి రాసుకపోయే సర్కారు మనిషి. చెలక అని, సాగు మాది అని రాస్తె మాది. రాళ్ల గని అని రాస్తె దొరది.

గిర్దావర్ వచ్చిండు. ఖాకీ లాగు, బూట్లు, ఎంట ఒక జవాను. ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ బుక్కు పట్టుకున్నడు. గుమాస్తా ముంగటే ఉన్నడు. "సాబ్, గిది చెలక కాదు. దొరగారి సున్నపురాయి గని. మీద ఇంత మట్టి చల్లి నాటకం ఆడుతున్నరు. కావాల్నంటె తవ్వినోన్నే అడుగుండ్రి" అన్నడు. మేస్త్రిని సుత వాడే పిలిపిచ్చిండు సాక్ష్యానికి.

"ఏం మేస్త్రీ, ఈడ గని ఉండెనా?" అని అడిగిండు గిర్దావర్.

లేదను మామా, లేదను అని నేను లోపట్ల మొక్కుతున్న.

"ఉండె సారూ. నేనే తవ్విన. రెండు మనుషుల లోతు" అన్నడు.

గుమాస్తా నవ్విండు. మా ఇంటాయన నా జబ్బ పట్టుకున్నడు, ఏళ్లు గుచ్చుకుంటున్నయి.

"నేనే పూడ్చిన సారూ. ఇప్పుడు లేదు" అన్నడు మేస్త్రి.

గిర్దావర్ కు ఎవల మాట నమ్మాల్నో తెలువలె. చెలకలకు నడిచి, నట్టనడుమ ఒక జాగ బూటుతోని చూపిచ్చిండు. "ఈడ తవ్వు. మట్టి ఎంతున్నదో చూస్త" అన్నడు.

పాలు పట్టిన పంటల గడ్డపార! ఆయన నా దిక్కు చూసిండు. నేను తల ఊపిన. చెప్పులు ఇడిసిండు. నాలుగు జొన్న దంట్లు వేర్లు తెగకుండ లేపి పక్కకు పండుకోపెట్టిండు. తవ్వుతాంటె నల్లమట్టి కుడి దిక్కు, మొరం తగిలినంక మొరం ఎడమ దిక్కు. మోకాలు మునిగేటంత గుంతకు సుత రెండు కుప్పలు! గుమాస్తా "జల్ది కానీయ్" అంటున్నడు. ఆయనకు వినవడ్తలేదు.

గిర్దావర్ గుంతల తొంగి చూడనీకి ముంగటికి వచ్చిండు. బూటు నల్లమట్టి కుప్ప మీద పడ్డది.

"కాలు తీయ్!" అని అరిచిండు మేస్త్రి.

సారూ లేదు, గీరూ లేదు. ఆ దినాలల్ల సర్కారు మనిషిని గట్ల అన్నోడు ఇంటికి తిరిగి రాడు. జవాను లాఠీ ఎత్తిండు. పట్వారీ బుక్కు ఛాతికి అదుముకున్నడు. అయిపోయింది, చెలకా పోయింది, మామా పోయిండు అనుకున్న.

గిర్దావర్ కిందికి చూసిండు. బూటు తీసిండు. జవానును ఆగుమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టిండు. ఆయన సుత ఎవలో కాపోళ్ల పిలగాడే కావచ్చు, వంగి ఆ మట్టిని చేతుల్లకు తీసుకొని నలిపిండు. దాంట్ల ఎర్ర ఒకటి, వానపాము, తడికి బలిసింది, ఆయన అరచేతిల మెలికలు తిరిగింది.

గుమాస్తా దిక్కు చెయ్యి చాపి, "నీ గనిల ఎర్రలు సుత ఉంటయా?" అన్నడు.

గిర్దావర్ పట్వారీ దిక్కు తిరిగి, "చెలక. జొన్న, కంది. సాగు ఈయనదే" అని మా ఇంటాయనను చూపిచ్చిండు. పట్వారీ గట్లనే బుక్కుల ఎక్కిచ్చిండు.

మా ఇంటాయన నిలబడ్డ జాగలనే కూలబడి రెండు చేతులు జోడిచ్చిండు. ఎవలకో తెల్వది. మేస్త్రి మాత్రం ఎవల్ని చూస్తలేడు. ముందుగల మొరం గుంతల నింపి, దాని మీద నల్లమట్టి పోసి, నాలుగు దంట్లు నిలబెట్టి, వేర్ల చుట్టు చేతులతోని అదుముతున్నడు. నాకు దుఃఖం ఆగలె. ఆయన పక్కన కూసోని, ఆ మట్టి మీదనే తల వంచి ఏడుస్తున్న. సంతోషానికి గంత ఏడుపు వస్తదని నాకు గప్పటిదాక తెల్వది.

ఆయన మోచేతితోని నన్ను జర పక్కకు జరిపిండు.

"ఏడిస్తె గట్టు మీదికి పోయి ఏడువు బిడ్డా. ఉప్పునీళ్లు పైమట్టికి పడవు" అన్నడు.

నేను లేసి గట్టు మీదికి పోయి కూసొని, కడుపునిండ ఏడ్సిన.